మేత పోరంబోకు: నేను వ్రాసిన ఒక నోటు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది దయతలచి ఇచ్చే భిక్ష కాదు, అది ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే మనకిది పండుగ రోజు.

కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు, "ఆరోగ్యం గురించో ఆధ్యాత్మికం గురించో కాసేపు చెప్పండి" అన్నారు. షుగరు గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. ఆధ్యాత్మికం చెప్పేందుకు నాకు యోగ్యత చాలదు. డి.ఎ. బకాయిల సంగతి చెప్పేవారు నా తరువాత ఉన్నారు. కనుక నేను గడ్డి గురించి మాట్లాడతాను. సర్వీసులో ఉన్నన్నాళ్లు గడ్డి తినకుండా బయటపడ్డవాడు, రిటైరయ్యాక గడ్డి జోలికి వచ్చాడేమిటని నవ్వకండి. కారణం ఉంది. నేను ముప్పయ్యారేళ్ల సర్వీసులో వ్రాసిన వేల నోట్లలో ఒక్కటి ఇప్పటికీ నాకు నిద్రపట్టనివ్వదు. అది గడ్డికి సంబంధించిన నోటు.

మా ఊరి బీడు

మాది సముద్రానికి నాలుగు మైళ్ల ఇవతల, ఇందుకూరుపేట – తోటపల్లిగూడూరు ప్రాంతంలో ఒక చిన్న ఊరు. ఊరికి తూర్పున, వరి చేలకూ ఉప్పుటేరుకూ నడుమ ఒక బీడు ఉన్నది. రెవెన్యూ లెక్కల్లో దాని పేరు మేత పోరంబోకు. మేము మాత్రం "బయలు" అనేవాళ్లం. మధ్యలో కొంచెం ఎత్తయిన ఇసుక దిబ్బ, దానికి పడమర పల్లం, తూర్పున ఏటివైపు చౌడు.

నేను పుట్టింది 1950లో. నా చిన్నతనంలో ఆ బయలే మాకు ఆటస్థలం, ఊరి బర్రెలకూ జీవాలకూ అన్నపు గిన్నె. అక్కడ గరిక ఉండేది, తుంగ ఉండేది. వెంపలి, నీలి, నేల ఉసిరి, తుమ్మి, పల్లేరు, పులిచింత, విష్ణుక్రాంతం, వాకుడు, ఉత్తరేణి ఉండేవి. వినాయక చవితి వస్తే పత్రికి మేము బజారుకు పోయి ఎరుగము. ఇంట్లో మా అమ్మ జాబితా చెబితే, తెల్లవారేసరికి బయలుకు పోయి సగం పత్రి ఒడిలో వేసుకొని వచ్చేవాళ్లం. గరిక, ఉత్తరేణి, వాకుడు, విష్ణుక్రాంతం అన్నీ కాళ్ల కిందే దొరికేవి.

మా ఊళ్లో గొర్రెలు కాచే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరమూ ఆయనను మంద తాత అనే పిలిచేవాళ్లం. పొడుగు కాళ్ల మన నెల్లూరు గొర్రెలు ఆయనవి. పల్ల, జోడిపి, దొర అని రంగునుబట్టి వాటిని ఎలా గుర్తుపట్టాలో నాకు నేర్పింది ఆయనే. ఒకనాడు ఆయన నాతో, "చూడు అబ్బయ్యా, జీవం ఒక్క కసువే తినదు. ఈడ ఒక కొస, ఆడ ఒక కొస, మధ్యలో ఒక పువ్వు. మనం అన్నంలోకి పప్పు, కూర, పులుసు, మజ్జిగ పోసుకున్నట్టే" అన్నాడు. అప్పుడు నాకది మామూలు మాటగా తోచింది.

మన జిల్లా పశువులకు ఎంత పేరున్నదో మీకు తెలుసు. మన ఒంగోలు జాతి ఎద్దులు ఓడలెక్కి బ్రెజిల్ దేశం పోయి, ఈనాటికీ అక్కడ "నెలోర్" అనే పేరుతో చలామణి అవుతున్నాయి. ఆ పశువులను పెంచింది ఇటువంటి బీళ్లే.

నత్రజని లెక్క

ఇప్పుడు కొంచెం శాస్త్రం చెప్పాలి. నేను సైన్సు చదివినవాణ్ణి కాను. మా మనవరాలు బి.ఎస్సీ.లో బాటనీ తీసుకున్నది. దాని పుస్తకాలు చదివి, తెలియనివి దానిచేత చెప్పించుకొని నేర్చుకున్నాను. గుమాస్తా బుద్ధితో జమాఖర్చుల భాషలో చెబుతాను.

మొక్క ఆకు వేయాలంటే నత్రజని కావాలి. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. అయినా మొక్కకు అది రెండో సంతకం దొరకని ఫిక్సెడు డిపాజిట్ వంటిది. కళ్లెదుట కనిపిస్తుంది గాని తీసుకోవటానికి వీలు లేదు. ఆ తాళం తీయగలిగినవి రెండే ఉండేవి. ఒకటి మెరుపు. రెండోది కొన్ని సూక్ష్మజీవులు. వాటిలో కొన్ని వెంపలి, నీలి, జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి చిక్కుడు జాతి మొక్కల వేళ్లలో బుడిపెలు కట్టుకొని కాపురం ఉంటాయి. అందుకే మన పెద్దలు వరికి ముందు జీలుగ, పిల్లిపెసర చల్లి దున్నేవారు. కోతలయ్యాక చేలో మంద కట్టించేవారు.

1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ అనే ఆయన గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి చూపించాడు. 1913 నాటికి కార్ల్ బాష్ అనే ఆయన దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించాడు. ఆ డిపాజిట్ తాళం ఆనాడు మనిషి చేతికి వచ్చింది. మనం వాడే యూరియా ఆ అమ్మోనియానుంచి తయారయ్యేదే.

నేను యూరియాను తిట్టటానికి నిలబడలేదు. ఆకలి రోజులు చూసినవాణ్ణి. మన మొలగొలుకులు ఎంత రుచిగల బియ్యమో మీకు చెప్పనక్కరలేదు. కాని ఎరువు కాస్త ఎక్కువైతే ఆ పొడుగు పైరు గాలికి పడిపోయేది. 1966లో వచ్చిన ఐ.ఆర్.8 పొట్టి రకం. ఎంత యూరియా వేసినా నిలబడి గింజ ఇచ్చింది. ఎడగారు పంటకూ నీళ్లు అందినచోట రెండు పంటలకూ బస్తాలు పడసాగాయి. ఈ హాలులో చాలామంది పిల్లల చదువులు ఆ పంటలమీద సాగినవే.

చిక్కు ఎక్కడంటే, వేసిన నత్రజనిలో వరి పైరు తీసుకొనేది సుమారు మూడో వంతు మొదలు నూటికి నలభై వరకే. మిగిలినదాంట్లో కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. కొంత నైట్రేటుగా మారి నీటి వెంట పోతుంది. కొంత నేలలో ఉండిపోతుంది. ఖర్చు వ్రాసిన సొమ్ములో సగానికి పైగా ఓచరు దొరకనట్లు లెక్క. ఆడిటరు ఊరుకుంటాడా? ప్రకృతి కూడా ఊరుకోదు.

మరొక మాట. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాషు ఎరువులమీద ధరల అదుపు తీసేశారు. యూరియా ధరను మాత్రం అదుపులోనే ఉంచారు. 2010లో కొత్త సబ్సిడీ పద్ధతి వచ్చినా యూరియా దాని బయటే ఉండిపోయింది. చవకైనది ఎక్కువగా వాడటం మనిషి నైజం. రైతును తప్పుపట్టి లాభం లేదు.

ఇదిగాక మన తీరంలో రొయ్యల గుంటలు వచ్చాయి. ఇక్కడ నేనొక చిన్న లెక్క వేశాను. ఒక టన్ను రొయ్య పండించటానికి టన్నున్నర మేత వేశారనుకోండి. ఆ మేతలో నూటికి 36 పాళ్లు మాంసకృత్తులు. మాంసకృత్తులలో నూటికి 16 పాళ్లు నత్రజని. గుణిస్తే 86 కిలోల నత్రజని. రొయ్యతోపాటు బయటికి వెళ్లేది అందులో మూడో వంతు లోపే. మిగిలిన 58 కిలోలు నీటిలోను, అడుగు బురదలోను ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని దాదాపు 21 కిలోలు. అంటే టన్ను రొయ్యకు దగ్గరదగ్గర మూడు బస్తాల యూరియాకు సమానమైనది గుంటలో మిగులుతుంది. కొంత తిరిగి గాలిలో కలిసినా, నీరు వదిలినప్పుడల్లా కొంత కాలవలోకి దిగుతుంది. ఇది కాక కృష్ణపట్నం దగ్గర బొగ్గు మండించే థర్మల్ కేంద్రాలు వచ్చాయి, రోడ్లమీద వాహనాలు పెరిగాయి. ఆ పొగలోనూ నత్రజని ఉంటుంది. అదీ వానతో, ధూళితో ఎక్కడో ఒకచోట నేలమీదికే దిగాలి.

ఆ నోటు

1986. మండలాలు కొత్తగా వచ్చిన రోజులు. నేను మండల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. తప్పు ఆఫీసుది కాదు, నాది.

మా ఊరి రైతులు ఒక అర్జీ పెట్టుకున్నారు. పై చేల మురుగునీరు ఊరు చుట్టి వంకరటింకరగా పోయి ఉప్పుటేట్లో కలుస్తున్నది, వానల్లో చేలు మునుగుతున్నవి, బయలు గుండా నేరుగా కాలవ తీయటానికి అనుమతి ఇప్పించవలెను అని. న్యాయమైన కోరికే. ఫైలు నా దగ్గరకు వచ్చింది. సొంత ఊరు కాబట్టి స్థలం నాకు కంఠతా వచ్చు. నేను పెట్టిన నోటులో చివరి వాక్యం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకం. "సదరు కాలువ వలన మేతకు నష్టము లేదు, పైగా మురుగునీటి యందలి ఎరువు సారము వలన పచ్చిక వృద్ధి చెందగలదు."

పై అధికారి నా నోటు నమ్మి సంతకం చేశారు.

ఆ వారంలోనే మంద తాత ఆఫీసు వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. "బయల్లోకి చేల నీళ్లు వదులుతారంటనే" అన్నాడు. నేను కుర్చీలోనుంచి లేవకుండానే, "మంచిదే గదా తాతా, గడ్డి బాగా ఎదుగుతుంది" అన్నాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, "ఎదుగుతాదిలే అబ్బయ్యా. ఏ కసువు?" అని అడిగి, జవాబు కోసం నిలబడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

గడ్డి ఎదిగింది, బయలు తరిగింది

నా నోటు అబద్ధం కాలేదు. మొదటి రెండు మూడేళ్లు పడమటి పల్లం పచ్చగా మోకాలెత్తు లేచింది. కాలవ గట్టు తెగిన రెండు చోట్లనుంచి వాననీరంతా పల్లంలో పరుచుకొనేది. బర్రెలు పాలు ఎక్కువ ఇస్తున్నాయని మా అక్క కూడా మెచ్చుకుంది. నేనూ లోపల పొంగిపోయాను.

తరువాత ఒక్కొక్కటే కనపడటం మానేశాయి. ముందుగా పోయింది విష్ణుక్రాంతం. తరువాత నేల ఉసిరి, తుమ్మి. వెంపలి, నీలి పల్లంలో కరువయ్యాయి. ఊద, తుంగ ఒత్తుగా కమ్ముకున్నాయి. నీరు నిలిచేచోట జమ్ము, గట్టు వెంబడి ముళ్ల తోటకూర. తూర్పు చౌడువైపు సంగతి వేరు. అక్కడ 1990ల తరువాత రొయ్యల గుంటల నీరు తగిలింది. అక్కడి గడ్డిని చంపింది ప్రధానంగా ఉప్పు. ఆ నేరం కూడా నత్రజని మీద మోపటం న్యాయం కాదు. ఉప్పుకు ఓర్చే ఇలవకూర, సర్కారు తుమ్మ అక్కడ మిగిలాయి. నా నోటు ఫలితం పడమటి పల్లం.

ఇది మా ఊరి వింత కాదని పుస్తకాలు చదివాక తెలిసింది. ఇంగ్లండులో రోథాంస్టెడ్ అనేచోట 1856లో లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు ఒక పచ్చిక బయలును మడులుగా విభజించి, ఒక్కో మడికి ఒక్కో ఎరువు వేయటం మొదలుపెట్టారు. ఆ ప్రయోగం ఈనాటికీ నడుస్తున్నది. మనకు సిపాయిల తిరుగుబాటు రాకముందు తెరిచిన రిజిస్టరు అది, ఇంకా ముగియలేదు. ఎరువు వేయని మడిలో నలభై రకాల దాకా మొక్కలున్నాయి. ఏటేటా అమ్మోనియా ఎరువు దండిగా వేసిన మడిలో మిగిలినవి రెండు మూడు రకాల గడ్డి మాత్రమే. గడ్డి దిగుబడి మాత్రం వేయని మడికంటే ఎక్కువ.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో సీడార్ క్రీక్ అనేచోట డేవిడ్ టిల్మన్ అనే శాస్త్రజ్ఞుడు 1982లో ఇటువంటిదే మొదలుపెట్టాడు. 2008లో ప్రకటించిన ఫలితం చూడండి. ఏడాదికి హెక్టారుకు 10 కిలోల నత్రజని, అంటే ఎకరాకు మన బస్తాలో ఐదో వంతు. ఆ కాస్తకే దీర్ఘకాలంలో మొక్కల రకాలు నూటికి 17 వంతులు తగ్గాయి. బ్రిటన్‌లో 68 బీళ్లు పరిశీలించి 2004లో ప్రకటించిన లెక్క ఇంకొకటి. అక్కడ ఎవరూ ఎరువు చల్లలేదు. గాలినుంచి పడే నత్రజని ఏడాదికి ఎకరాకు ఒక కిలో పెరిగిన కొద్దీ, నాలుగు చదరపు మీటర్లలో ఒక రకం మొక్క తగ్గుతూ వచ్చింది.

అవి చలి దేశాలు, మనది సముద్రపు గాలి, ఎండ. అక్కడి అంకె ఇక్కడ అచ్చంగా అతకదు. కాని కారణాలు ఎక్కడైనా కారణాలే.

ఎందుకిలా జరుగుతుంది? నేల సారం తక్కువగా ఉన్నప్పుడు ఎవరూ మితిమీరి పెరగలేరు. అందరికీ ఎండ తగులుతుంది. ఒక మొక్క లోతుకు వేరు దించి, ఒకటి తక్కువతో సరిపెట్టుకొని, వెంపలి వంటిది తన నత్రజని తానే సంపాదించుకొని బతుకుతాయి. సారం ఒక్కసారి దండిగా దొరికేసరికి పొడుగు గడ్డి ముందు లేస్తుంది. కింద నీడ పడుతుంది. పొట్టి మొక్కకు ఎరువు ఉన్నా ఎండ లేదు. 2009లో కొందరు శాస్త్రజ్ఞులు ఎరువు వేసిన గడ్డి కింద చిన్న దీపాలు పెట్టి చూశారు. వెలుతురు అందేసరికి పొట్టి మొక్కలు చాలావరకు నిలదొక్కుకున్నాయి. అంటే వాటిని ఎక్కువగా దెబ్బతీసేది నీడ. ఇక వెంపలికి వేరే దెబ్బ తగులుతుంది. అందరికీ ఉచితంగా దొరుకుతున్నప్పుడు అది కష్టపడి సంపాదించుకున్న దానికి విలువేముంది? పైగా అమ్మోనియా ఎరువు నేలలో మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. తట్టుకోలేనివి దానితోనూ పోతాయి.

2014లో ఆరు ఖండాలలోని 40 బీళ్లమీద జరిగిన పరిశీలన ఇంకొకటి చెప్పింది. పశువులు, జంతువులు మేసి నేలకు ఎండ తగలనిచ్చినచోట ఈ నష్టం చాలా తగ్గుతుంది. మా ఊళ్లో జరిగింది దీనికి తలక్రిందులు. జమ్ము, ముదురు తుంగ ముట్టక జీవాలు పల్లంలోకి దిగటం మానేశాయి. మేత లేనందున గడ్డి ఇంకా ముదిరింది, నీడ ఇంకా చిక్కబడింది.

కరువు నాడు

"గడ్డి ఏదైతేనేం, పచ్చగా ఉందిగా" అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, 2002 దాకా.

ఆ ఏడు రాష్ట్రమంతటా కరువు. కాలవలో నీరు లేదు. ఎరువు తిన్న గడ్డి ఆకు పెంచుకున్నంతగా వేరు పెంచుకోదు. పల్లంలో పచ్చగా ఉన్నదంతా కొద్ది వారాల్లో ఎండి వరిగడ్డిలా అయింది. కాలవ నీరు ఎన్నడూ ఎక్కని మధ్య దిబ్బమీద మాత్రం గరిక, వెంపలి, పల్లేరు, నేల ఉసిరి చిన్న చిన్నగా బతికే ఉన్నాయి. ఊరి జీవాలన్నీ ఆ రెండెకరాల దిబ్బమీద పడ్డాయి. అది ఎన్నాళ్లు చాలుతుంది? మంద తాత అప్పటికి బాగా ముసలివాడు. సగం మంద అమ్మేశాడు. మిగతా సగాన్ని తోలుకొని ఆయన కొడుకు మెట్టప్రాంతానికి వెళ్లాడు. ఆ మంద మళ్లీ మా ఊరికి తిరిగి రాలేదు.

సీడార్ క్రీక్ వారు 1988 కరువును కొలిచి 1994లో ఇదే వ్రాశారు. ఎక్కువ రకాలున్న మడులు కరువును తట్టుకున్నాయి, తక్కువ రకాలున్నవి దెబ్బతిన్నాయి అని. ఆ వాక్యం చదివిన రోజు నేను అన్నం సరిగ్గా తినలేకపోయాను. మంద తాత అడిగిన "ఏ కసువు?" అన్న ప్రశ్నకు జవాబు అదే. ఆయన అప్పటికి లేడు, చెప్పుకోవటానికి.

2008లో నేను రిటైరయ్యాను. వెళ్లే ముందు ఒకసారి మా ఊరి రికార్డు తీసి చూశాను. మేత పోరంబోకు విస్తీర్ణం ఒక్క సెంటు తగ్గలేదు. మన రిజిస్టరులో ఎకరాలకు కాలం ఉంది, సెంట్లకు కాలం ఉంది. అందులో ఏ గడ్డి మొలుస్తున్నదో వ్రాయటానికి కాలం లేదు. కాగితం మీద ఆ బీడు క్షేమంగా ఉంది.

పోయిన సంక్రాంతికి మనవరాలితో బయలుకు వెళ్లాను. అది గజం పొడుగు కర్రలు నాలుగు చతురంగా పరిచి, "తాతా, లెక్క నువ్వు వ్రాసుకో" అన్నది. దిబ్బమీద ఆ చతురంలో పదకొండు రకాలు. పల్లంలో మూడు. ఒకచోట కొలిచినది శాస్త్రం కాదని అదే చెప్పింది. కాని ఆ కాగితం నా సర్వీసు రిజిస్టరు పక్కనే దాచుకున్నాను.

మనం చేయగలిగినది

మనలో చాలామందికి రెండో మూడో ఎకరాలున్నాయి, కౌలుకు ఇచ్చినవే ఎక్కువ. కౌలు డబ్బుతోపాటు ఒక మాట కూడా కౌలుదారుతో మాట్లాడండి. యూరియా ఒకేసారి కుమ్మరించకుండా రెండు మూడు దఫాలుగా వేయమనండి. ఆకు రంగు చూసి వేసే పట్టిక ఉన్నది, వ్యవసాయ శాఖవారిని అడిగితే చెబుతారు. 2015నుంచి మన దేశంలో యూరియాకంతా వేపనూనె పూత తప్పనిసరి చేశారు. అది మెల్లగా కరుగుతుంది కనుక, పాత అలవాటు ప్రకారం గుప్పెడు ఎక్కువ వేయనక్కరలేదు. జీలుగ, పిల్లిపెసర చల్లటం, మంద కట్టించటం మన పెద్దలు నేర్పినవే. యూరియా వేసిన రెండు మూడు రోజులు మడి తూము కట్టి ఉంచితే, డబ్బులిచ్చి కొన్నది కాలవపాలు కాదు.

ఇది గడ్డికోసం మాత్రమే కాదు. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం. మించితే ముఖ్యంగా సీసాపాలు తాగే పసిపిల్లలకు ప్రమాదం. ఆ నీరు కలిపిన పాలు తాగితే రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ నీలి రంగుకు తిరుగుతుంది. కాచినంత మాత్రాన నైట్రేటు పోదు, ఇంకా చిక్కబడుతుంది. చేల పక్క బోరునీళ్లు తాగేవారు ఒకసారి పరీక్ష చేయించుకోండి. మన ఇళ్లలో మునిమనవలు పుడుతున్న కాలమిది.

ఇది మన ఊళ్ల బాధ మాత్రమే కాదు. 2019లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో నత్రజని గురించిన తీర్మానం మన దేశం చొరవతోనే వచ్చింది. అదే ఏడు అక్టోబరులో కొలంబోలో కొన్ని దేశాలు చేరి, నత్రజని వృథాను 2030 నాటికి సగానికి తగ్గించాలని ప్రకటన చేశాయి. నైరోబీలో, కొలంబోలో చేసిన తీర్మానం చివరికి అమలు జరగవలసింది మా ఊరి తూము దగ్గరే.

ఇక బయలు సంగతి. బాగుపడటానికి దారి లేకపోలేదు. గాలినుంచి పడే నత్రజని తగ్గాక రోథాంస్టెడ్ మడుల్లో కొన్ని రకాలు మళ్లీ పెరిగాయని 2015లో ప్రకటించారు. నెమ్మదిగానే, కాని తిరిగి వచ్చాయి. కావలసినవి మూడు. సారం లోపలికి రావటం ఆగాలి. ఉన్న సారం కొంత బయటికి పోవాలి. విత్తనం ఇచ్చే చోటు దగ్గరలో బతికి ఉండాలి. మా దిబ్బ ఆ విత్తనపు గాదె. పాత వంకర కాలవ ఇంకా ఉంది, పూడిక తీస్తే పారుతుంది. బయలు గట్టుకు పడ్డ రెండు గండ్లూ పూడిస్తే పల్లంలోకి చేలనీరు రాదు. ఏటా సంక్రాంతి తరువాత ముదురు గడ్డి కోసి, తగులబెట్టకుండా అక్కడినుంచి తరలిస్తే, దానితోపాటు నత్రజనీ పోతుంది, నేలకు ఎండ తగులుతుంది.

చిక్కేమిటంటే, ఆ దిబ్బ ఇసుకతో పల్లం మెరక చేసి బయలంతా చదును చేయాలని ఇప్పుడు ఊళ్లో కొందరి ఆలోచన. వారిమీద నాకు కోపం లేదు. దిబ్బ వారికి ఖాళీ స్థలంగా కనిపిస్తున్నది, 1986లో బయలంతా నాకు కనిపించినట్టే. అందుకని రెండు నెలల క్రితం సోమవారం గ్రీవెన్సులో నేను అర్జీ ఇచ్చాను. నలభై మందితో క్యూలో నిలబడ్డాను. కౌంటరు దగ్గరి కుర్రవాడు తల ఎత్తకుండా, "గడ్డి మీద అర్జీ ఏంది పెద్దాయనా?" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఆ కుర్చీలో కూర్చొని, తల ఎత్తకుండా అంతకన్నా పెద్ద మాట అన్నవాణ్ణి నేను. రసీదు తీసుకొని వచ్చాను. ఇంకా ఎండార్సుమెంటు రాలేదు.

ఆ అర్జీలో నేను కోరినవి మూడు. పాత కాలవ పూడిక తీయించవలెను. బయలు గట్టుకు పడిన రెండు గండ్లు పూడ్పించవలెను. మధ్య దిబ్బను ఉన్నది ఉన్నట్లు ఉంచవలెను. వాటికి ముందు ఒక పేరా చేర్చాను. "1986లో సదరు కాలువ విషయమై నోటు వ్రాసిన గుమాస్తాను నేనే. మేతకు నష్టము లేదని నేను వ్రాసినది పొరపాటు" అని. ఇంట్లో మా ఆవిడ, "ఇన్నేళ్లకు అది ఎందుకు వ్రాయటం, ఎవరడిగారు?" అన్నది. అడిగినాయన ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఆనాడు కుర్చీలోనుంచి లేచి జవాబు చెప్పలేదు.

అర్జీ నకళ్లు బయట టీ బల్ల పక్కన పెట్టాను. మా చుట్టుపక్కల ఊళ్లవారు మన సంఘంలో పదిమందిదాకా ఉన్నారు. భోజనాలయ్యాక చదవండి. సబబనిపిస్తే సంతకం చేయండి. మీ ఊళ్లో మేత పోరంబోకు ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు ఎకరాలు కాకుండా మొక్కలు లెక్కపెట్టి రండి. నాకొక కార్డు ముక్క వ్రాసినా చాలు.

నాకిచ్చిన సమయం మించిపోయింది. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడవలసినవారు నావైపే చూస్తున్నారు.